పిట్టి త్యాగరాయ చెట్టి: బడిపిల్లల అన్నాన్ని చదువు ఖర్చుగా లెక్క రాయించిన చెన్నపట్నం తెలుగు పెద్ద

చెన్నైలో తెలుగు కుటుంబాలకు టి. నగర్ పేరు తెలియకుండా ఉండదు. పెళ్ళి చీరలకూ బంగారానికీ సేలం నుంచి, కోయంబత్తూరు నుంచి, నెల్లూరు, చిత్తూరుల నుంచి కూడా జనం అక్కడికే వస్తారు. అయితే ఆ పేరులోని త్యాగరాయ ఎవరని అడిగితే చాలామంది కీర్తనలు రాసిన తిరువయ్యారు త్యాగరాజ స్వామి పేరు చెబుతారు. ఆ పేట పేరు ఆయనది కాదు. చెన్నపట్నం కార్పొరేషన్‌ను నడిపిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. ఇంట్లో తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబంలో పుట్టిన మనిషి. తమిళులు ఆయన్ని వెళ్ళుడై వేందర్ అని, అంటే తెల్లబట్టల రాజు అని పిలుచుకుంటారు.

చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఎక్కువగా జస్టిస్ పార్టీ దగ్గర కనిపిస్తుంది. కానీ ఆయన చేసిన పనుల్లో ఈ రోజుకీ ప్రతి మధ్యాహ్నం మన కళ్ళ ముందు జరుగుతున్నది ఒకటుంది. అది బడిలో పిల్లలకు అన్నం పెట్టడం. పట్టణ ప్రజలు కట్టిన పన్ను డబ్బుతో బడిపిల్లలకు అన్నం పెట్టవచ్చునా, పెడితే ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలి అన్న ప్రశ్న నూరేళ్ళ క్రితం ఆయన హయాంలో వచ్చింది. ఆయన బతికి ఉండగానే అది గెలిచింది, ఆయన పోయిన ఏడే ఓడింది. ఆ కథ తెలిస్తే ప్రభుత్వం లెక్కల పుస్తకంలో ఒక గీత ఎక్కడ గీస్తారన్నది పసివాడి కడుపును ఎలా తాకుతుందో అర్థమవుతుంది.

మగ్గాల ఇంట పుట్టి

త్యాగరాయ చెట్టి గారు 1852 ఏప్రిల్ 27న పుట్టారు. కలిగిన కుటుంబం. నేత, తోళ్ళు, ఉప్పు వంటి వ్యాపారాలు ఉండేవి. ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చదివారు. ఆ కాలంలో వ్యాపారస్తుల ఇళ్ళలో అంత చదువు అరుదు. పట్టా చేతికి వచ్చినా సర్కారు కొలువు కోసం పోలేదు, కులవృత్తిని వదల్లేదు. ఉత్తర చెన్నపట్నంలో వాషర్‌మన్‌పేట వైపు ఆయన నడిపిన పిట్టి నేత కర్మాగారంలో వంద దాకా మగ్గాలు ఆడేవి.

దేవాంగులంటే మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. సేలం, కోయంబత్తూరు, బళ్ళారి నుంచి ఒడిశాలోని బరంపురం దాకా మగ్గం వెంటే ఊళ్ళు మారిన వాళ్ళు. షోలాపూర్ పద్మశాలీలదీ ఇలాంటి ప్రయాణమే. మగ్గం ఇంట్లో పసివాళ్ళకు కూడా పని ఉంటుంది. కండెలు చుట్టాలి, పోగులు అతకాలి. పిల్లవాణ్ణి బడికి పంపితే ఇంట్లో ఒక జత చేతులు తగ్గుతాయి, మధ్యాహ్నం వాడికి కట్టి ఇవ్వడానికి అన్నం కూడా కావాలి. మగ్గాల మధ్య పెరిగిన త్యాగరాయ చెట్టి గారికి ఈ సంగతి ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు.

నలభై ఏళ్ళ కార్పొరేషన్ కొలువు

1880ల్లో ఆయన చెన్నపట్నం కార్పొరేషన్ సభలో అడుగుపెట్టారు. అప్పటి నుంచి దాదాపు నలభై ఏళ్ళు నగర పాలనతోనే గడిచింది. మద్రాసు మహాజన సభలో, కాంగ్రెస్‌లో తొలినాటి మనుషుల్లో ఒకరు. 1909లో దేశీయ వర్తకుల కోసం దక్షిణ భారత వాణిజ్య మండలి ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఉన్నారు, తర్వాత పదేళ్ళకు పైగా అధ్యక్షులుగా ఉన్నారు.

కార్పొరేషన్ పని పైకి గొప్పగా కనబడే పని కాదు. నీళ్ళ గొట్టాలు, మురుగు కాలవలు, వీధి దీపాలు, స్మశానాలు, బళ్ళు. డబ్బు ఇంటిపన్ను నుంచి, బండ్ల పన్ను నుంచి రావాలి. ఏ పేటకు ఎంత పోయింది, ఎందుకు పోయింది అని సభలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అలాంటి చోట నలభై ఏళ్ళు కూర్చున్న మనిషికి రూపాయి ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో బాగా తెలిసివస్తుంది.

అదే సభలో డాక్టర్ టి.ఎం. నాయర్ కూడా సభ్యులు. ఇద్దరికీ చాలాకాలం పడేది కాదు. నాయర్ గారు వైద్యుడి కళ్ళతో చూసేవారు, చెట్టి గారు సంప్రదాయం పాటించే భక్తుడు. ఈ ఇద్దరినీ ఒక చోటికి చేర్చిన పెద్దమనిషి డాక్టర్ సి. నటేశ మొదలియార్. బ్రాహ్మణేతర విద్యార్థులకు పట్నంలో ఉండటానికి చోటు దొరకని రోజుల్లో తిరువల్లిక్కేణిలో ద్రవిడ హోమ్ పేరిట వసతి గృహం నడిపినది ఆయనే. 1916 నవంబరులో ముగ్గురూ మరికొందరు పెద్దలతో కలిసి దక్షిణ భారత ప్రజా సంఘం పెట్టారు. ఆ డిసెంబరులో చెట్టి గారి పేరు మీద బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువడింది. చదువుల్లోనూ సర్కారు ఉద్యోగాల్లోనూ మిగతా కులాల వాటా ఎంత తక్కువగా ఉందో అందులో అంకెలతో చూపించారు.

పార్టీకి ఇంగ్లీషులో జస్టిస్, తమిళంలో ద్రవిడన్, తెలుగులో ఆంధ్రప్రకాశిక పత్రికలు ఉండేవి. ఇంగ్లీషు పత్రిక పేరే జనం నోట పార్టీ పేరైంది. 1917 నుంచి చనిపోయేదాకా చెట్టి గారే పార్టీ అధ్యక్షులు.

థౌజండ్ లైట్స్ బడి, తలకు ఒక అణా

1919లో చెన్నపట్నానికి కొత్త పురపాలక చట్టం వచ్చింది. అంతకుముందు కార్పొరేషన్ అధ్యక్షుడంటే సర్కారు నియమించిన అధికారే. కొత్త పద్ధతిలో సభ్యులు ఎన్నుకున్న తొలి అనధికార అధ్యక్షులు త్యాగరాయ చెట్టి గారు. అప్పటికి ఆయన వయసు అరవై ఏడు.

1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం కూడా వచ్చింది. ఆ చట్టం ప్రకారం స్థానిక సంస్థలు చదువు కోసం ప్రత్యేకంగా పన్ను వేయవచ్చు. అలా వసూలైన మొత్తానికి తక్కువ కాకుండా ప్రభుత్వం తన వాటా కలపాలి. ఈ డబ్బంతా ప్రాథమిక విద్యా నిధిలో జమ అవుతుంది. స్థానిక సంస్థ కోరుకుంటే చదువును నిర్బంధం కూడా చేయవచ్చు.

చట్టం బాగానే ఉంది. బళ్ళు ఉన్నాయి, పంతుళ్ళు ఉన్నారు. పిల్లలే నిలవడం లేదు. కార్పొరేషన్ బళ్ళకు వచ్చేది కూలివాళ్ళ పిల్లలు, దళితవాడల పిల్లలు. పొద్దున ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లవాడు మధ్యాహ్నం ఇంటికి పోతే తిరిగి రాడు. కొందరు అసలు రారు. బెంచీ కొన్నా, పలక కొన్నా, కూర్చునే పిల్లవాడు లేకపోతే ఆ డబ్బు వృథాయే.

1920 సెప్టెంబరు 16న కార్పొరేషన్ సభ ఒక తీర్మానం ఆమోదించింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం టిఫిన్ పెట్టాలి, తలకు రోజుకు ఒక అణా మించకూడదు అని దాని సారం. ఆ బడికి వచ్చేది నిరుపేద పిల్లలనీ, అందుకే హాజరు పడిపోతోందనీ చెట్టి గారు సభకు వివరించారు.

అణా అంటే రూపాయిలో పదహారో వంతు. పదహారు మంది పిల్లలకు రోజుకు ఒక రూపాయి. నూట అరవై మంది ఉన్న బడికి పది రూపాయలు. పట్నం మొత్తం బడ్జెట్‌లో ఇది ఎక్కడా కనబడని మొత్తం. అయినా ఈ తీర్మానం కొత్తది. అప్పటిదాకా పేదపిల్లలకు అన్నం పెట్టడం సత్రం పని, గుడి పని, దాతల పని. దాత మనసు మారితే ఆగిపోతుంది. ఇప్పుడు అది పన్నులతో నడిచే సంస్థ పనైంది, సభలో లెక్క చెప్పవలసిన ఖర్చైంది. చెట్టి గారు ధనవంతులు. ఒక బడికి తన సొమ్ముతో అన్నం పెట్టించి పేరు తెచ్చుకోవడం ఆయనకు కష్టమేమీ కాదు. ఆ దారి పట్టకుండా సభ ముందుకు తెచ్చి, చర్చకు పెట్టి, ఖర్చుకు హద్దు రాయించి, తీర్మానం చేయించారు.

ఫలితం త్వరగానే కనబడింది. పథకాన్ని మరో నాలుగు బళ్ళకు విస్తరించారు. 1922-23లో 800 పైచిలుకు ఉన్న పిల్లల సంఖ్య 1924-25 నాటికి 1,600 దాటింది. రెండేళ్ళలో రెట్టింపు.

వద్దన్న పదవి

థౌజండ్ లైట్స్ తీర్మానం అయిన రెండు నెలలకే మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ బహిష్కరించింది, జస్టిస్ పార్టీ గెలిచింది. గవర్నర్ విల్లింగ్డన్ ప్రధానమంత్రి పదవికి త్యాగరాయ చెట్టి గారిని పిలిచారు. ఆయన వద్దన్నారు. కడలూరుకు చెందిన ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ప్రధానమంత్రి అయ్యారు. కాళహస్తి వైపు నుంచి పానగల్ రాజా రామరాయణింగార్, ఏలూరు వైపు నుంచి కూర్మా వెంకటరెడ్డి నాయుడు మిగతా మంత్రులు. 1921లో సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకోగా పానగల్ రాజా ప్రధానమంత్రి అయ్యారు. బరంపురానికి చెందిన ఎ.పి. పాత్రో విద్యామంత్రిగా వచ్చారు. ఒడిశాలోని మన పాఠకులకు ఆ పేరు పరిచయమే.

అప్పటి పాలన ద్వంద్వ పాలన. చదువు, స్థానిక పాలన, ఆరోగ్యం ప్రజలెన్నుకున్న మంత్రుల చేతిలో. ఖజానా మాత్రం గవర్నర్ కార్యనిర్వాహక మండలి చేతిలో. బళ్ళు పెంచుతామని మాట ఇచ్చేది ఒకరు, డబ్బు విదిల్చేది మరొకరు. పని కాకపోతే ఎవరిని నిలదీయాలో ఓటరుకు తేలేది కాదు. ఓటు కూడా ఆస్తి ఉన్న కొద్దిమందికే.

చెట్టి గారి రాజకీయాలను అందరూ మెచ్చుకోలేదు. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన, ఆయన పార్టీ ఆంగ్ల ప్రభుత్వం పక్షాన నిలబడ్డారన్న విమర్శ గట్టిగానే వచ్చింది. సర్ బిరుదు కూడా ఆ విమర్శకు తోడైంది. అణగారిన వర్గాల కోసం మాట్లాడిన ఎం.సి. రాజా, పార్టీలో తమవాళ్ళకు న్యాయం జరగడం లేదని 1923లో బయటికి వచ్చేశారు. అదే ఏడాది పానగల్ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. పట్టుకొచ్చింది ఒకప్పుడు అదే పార్టీలో ఉన్న మన కట్టమంచి రామలింగారెడ్డి. తీర్మానం వీగిపోయింది గానీ, మంత్రులు సభకు జవాబు చెప్పుకోవాల్సిందేనన్న అలవాటు మద్రాసు ప్రెసిడెన్సీలో అక్కడ మొదలైంది.

పద్దు మారింది, పళ్ళెం పోయింది

ఐదు బళ్ళలో అన్నం ఖర్చును కార్పొరేషన్ ప్రాథమిక విద్యా నిధి నుంచి పెడుతూ వచ్చింది. చదువు నిధిని భోజనానికి వాడటానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1925 ఏప్రిల్ 1న పథకం ఆగిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. డబ్బు దుర్వినియోగమైందని కాదు. పిల్లలు రావడం లేదని కాదు, వచ్చేవాళ్ళు రెట్టింపయ్యారు. ఖర్చు హద్దు దాటిందని కూడా కాదు. చదువు నిధి చదువుకే వాడాలన్నది రూలు. అన్నం చదువులోకి రాదన్నది ప్రభుత్వం తేల్చిన అర్థం. పంతులి జీతం చదువు ఖర్చు, బెంచీ చదువు ఖర్చు, ఆ బెంచీ మీద పిల్లవాణ్ణి సాయంత్రం దాకా కూర్చోబెట్టే అన్నం మాత్రం కాదు.

ఆ రోజున స్థానిక పాలన శాఖ పానగల్ రాజా దగ్గర, విద్యాశాఖ పాత్రో దగ్గర ఉన్నాయి. ఇద్దరూ చెట్టి గారి పార్టీవాళ్ళే, ఇద్దరూ తెలుగు ప్రాంతాలు ఎరిగినవాళ్ళే. ఆయన నిలబెట్టిన పార్టీ అధికారంలో ఉండగానే ఆయన నిలబెట్టిన పథకం ఆగింది. మనవాళ్ళు పదవిలో ఉంటే పని అదే సాగిపోతుందనుకునే వాళ్ళకు ఈ సంఘటన ఒక పాఠం.

రూలును తీసిపారేయడానికీ లేదు. ఒక పనికి వసూలైన పన్నును మరో పనికి మళ్ళించకూడదన్నది ప్రజల సొమ్ముకు ఉన్న కాపలా. ఆ కాపలా లేకపోతే బడి కోసం కట్టిన పన్ను దర్బారు విందుకు పోతుంది. చిక్కు రూలులో లేదు. అన్నం చదువులో భాగమా కాదా అన్న ప్రశ్నను పిల్లలను చూసి కాకుండా పద్దు పేరు చూసి తేల్చడంలో ఉంది.

1925లోనే త్యాగరాయ చెట్టి గారు కన్నుమూశారు. పాత మాంబళం చెరువు నేల మీద అప్పుడప్పుడే లేస్తున్న కొత్త పేటకు ఆయన పేరు పెట్టారు. ఆ పేట నడుమ ఉన్న ఉద్యానవనానికి పానగల్ రాజా పేరు ఉంది. రిపన్ బిల్డింగ్ ఆవరణలో చెట్టి గారి విగ్రహం ఉంది. ఉత్తర చెన్నైలో ఆయన పేరిట కాలేజీ నడుస్తోంది.

అణా నుంచి చట్టం దాకా

అన్నం మాట ఆయనతో పోలేదు. 1927లో కార్పొరేషన్ మళ్ళీ పట్టుపట్టి 25 బళ్ళలో సుమారు 1,000 మంది పేద పిల్లలకు భోజనం మొదలుపెట్టింది. 1956లో కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా రాష్ట్రమంతటా బడి భోజనం వచ్చింది. మొదట ఊళ్ళవాళ్ళ విరాళాలు పోగుచేసి, దానికి ప్రభుత్వ సొమ్ము కలిపి నడిపారు. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ పౌష్టికాహార పథకం పెద్ద ఎత్తున పెట్టారు. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ పథకం ప్రకటించింది. చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక గానీ దేశమంతా పొయ్యి వెలగలేదు. కర్ణాటకలో అక్షర దాసోహ ఆ తర్వాతే వచ్చింది.

2013 ఆహార భద్రతా చట్టం బడి భోజనాన్ని హక్కుగా రాసింది. దాని కింద 2015లో వచ్చిన నియమాల్లో ఒకటి చదివితే త్యాగరాయ చెట్టి గారే గుర్తుకొస్తారు. బియ్యమో వంట డబ్బో తాత్కాలికంగా అందకపోతే, భోజనం ఆగకుండా ఉండటానికి బడిలో ఉన్న ఏ నిధినైనా ప్రధానోపాధ్యాయుడు వాడవచ్చు, ఆ మొత్తాన్ని తర్వాత భర్తీ చేస్తారు. 1925లో ఏది కుదరదని పథకం ఆపారో, తొంభై ఏళ్ళకు సరిగ్గా దాన్నే అనుమతిస్తూ నియమం రాశారు.

ఆ నియమాలు ఇంకొన్ని చెబుతున్నాయి. భోజనం పెట్టని రోజుకు పిల్లవాడికి ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. వరసగా మూడు పనిదినాలు, లేదా నెలలో ఐదు రోజులు భోజనం లేకపోతే ఎవరిది బాధ్యతో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. పిల్లలకు వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడితో సహా పెద్దలు రుచి చూడాలని పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవన్నీ సర్కారు బళ్ళకే కాదు, సర్కారు సాయం అందుకునే ఎయిడెడ్ బళ్ళకు కూడా వర్తిస్తాయి. చెన్నైలో, బెంగళూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో ఎయిడెడ్‌గా నడిచే మన తెలుగు బళ్ళు కూడా అందులోకి వస్తాయి.

ఇవాళ ఒక పిల్లకు ఎంత ఖర్చు పెడుతున్నారో కూడా తెలుసుకోవాలి. 2025 మే నుంచి వంట సరుకుల కింద ప్రాథమిక తరగతుల్లో రోజుకు 6.78 రూపాయలు, ప్రాథమికోన్నత తరగతుల్లో 10.17 రూపాయలు. బియ్యం వేరు. చాలా రాష్ట్రాల్లో ఈ ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఇష్టమైతే రాష్ట్రం పైన కలుపుకోవచ్చు. పప్పు, కూరగాయలు, నూనె, పొయ్యి ఖర్చు అన్నీ ఆ డబ్బులోనే సరిపెట్టాలి. బజారుకు వెళ్ళొచ్చే ఏ ఇల్లాలికైనా ఆ లెక్క ఎంత ఇరుకో తెలుస్తుంది.

చెట్టి గారి జీవితంలో బిరుదులున్నాయి, వద్దన్న పదవి ఉంది, విగ్రహం ఉంది, పేట పేరు ఉంది. వీటన్నిటి కన్నా ఎక్కువ మందికి చేరింది మాత్రం ఒక అణా తీర్మానం. అది దానంగా కాకుండా లెక్కగా రాసి ఉన్నందువల్లే ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో తెలిసింది, మళ్ళీ అడగడానికి ఆధారం మిగిలింది. మన పిల్లలు చదివే బడిలో భోజనం రిజిస్టరు ఉంటుంది. ఎంతమంది తిన్నారు, ఎంత బియ్యం వచ్చింది, ఎన్ని రోజులు పొయ్యి వెలగలేదు అన్నీ అందులో ఉండాలి. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కుల పుస్తకంతో పాటు ఆ పుస్తకం కూడా ఒకసారి అడిగి చూడండి.